కుక్కకు చెప్పిన సారీ

తప్పు ఒప్పుకోవడానికి మా ఇంట్లో మాటలు లేక కాదు. ఉన్నవి ఒక్కటీ నోటికి పట్టేవి కావు. "తప్పైంది" అనే మాట ఉంది గానీ, అది అన్నవాడు తల వంచాలి, వయసులో చిన్నవాడైతే కాళ్లు కూడా పట్టాలి, చూసినవాళ్లు దాన్ని చచ్చేదాకా చెప్పుకుంటారు. "క్షమించు" నాటకాల్లో రాజులు అనేది. "ఏమనుకోకు" తేలికే, కానీ అది ముందుగా అనాల్సిన మాట. పక్కింటికి పోయి గిన్నెడు చక్కెర అడిగేటప్పుడు పనికొస్తుంది, అన్న పరువు తీసిన నాలుగేళ్లకు పనికిరాదు. ఇక మా జహీరాబాద్‌లో ఉర్దూ ఉండనే ఉంది. కానీ "మాఫ్ కరో" అని మేం అనేది దుకాణం ముందుకొచ్చిన ఫకీరుకు చేతిలో చిల్లర లేనప్పుడు. దానికి మా బజారులో అర్థం, ఇంకో దుకాణం చూసుకొమ్మని.

అందుకే మా నాయన, పెద్దనాయన ఒకే వాకిట్లో ఉంటూ నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. నేనప్పుడు గర్ల్స్ హైస్కూల్లో చదువుతున్నాను, డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. నాయనకు బజారులో కిరాణా దుకాణం. పెద్దనాయనకు ఝరాసంగం రోడ్డు మీద చేను, దాన్లో జొన్న, కంది. ఇద్దరి ఇళ్లూ ఎదురెదురుగా, మధ్యలో వాకిలి, వాకిలి మూలకు ఇద్దరికీ కలిపి ఒకే బావి.

గొడవకు కారణం ఒక ఎద్దు. ఒక ఏడాది పెద్దనాయన కోహీర్ దిక్కు నుంచి దాన్ని కొనుక్కొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములకు రంగు, మెడలో గంటలు, పెళ్లికొడుకు నడిచొచ్చినట్టే వచ్చింది. నాలుగు రోజులు దున్నేసరికి దాని అసలు వయసు బయటపడింది. నోరు తెరిచి చూస్తే పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి. అది అక్కడితో పోయేదే. కానీ మా నాయనకు నలుగురిని నవ్వించే పిచ్చి. చాయ్ హోటల్లో రైతులందరి మధ్య కూర్చొని, "మా అన్నకు ఎద్దు నోరు తెరిచి సూసుడు గూడ రాదు, తోక సూసి కొన్నడు" అన్నాడు. హోటల్ హోటలంతా నవ్వింది. రైతును పట్టుకొని పళ్లు చూడరాదనడమంటే వంటమనిషిని పట్టుకొని ఉప్పు తెలియదనడం. ఆ మాట నాయన కన్నా ముందే ఇల్లు చేరింది.

"ఇగ నాకు తమ్ముడు లేడు" అని పెద్దనాయన ఎద్దుతో చెప్పాడు. ఎద్దుతోనే ఎందుకంటే ఆ పూట వాకిట్లో అదొక్కటే ఉంది.

అప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య రాయబారం నాది. ఇద్దరూ చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడేవాళ్లు. "గేటు ఏసి పొమ్మని చెప్పు అవతలోళ్లకు" అని పెద్దనాయన నాతో అంటే, నేను ఇటు తిరిగి, "గేటు వేసి పొమ్మంటున్నడు" అని నాయనకు చెప్పాలి. ఆయన విని కూడా, నేను చెప్పేదాకా విననట్టే నిలబడేవాడు. నేను బడికి పోయిన వేళల్లో ఆ పని ఎద్దు మీద పడేది. "బాయి గిరక మొత్తుకుంటున్నది, దుకాణపోళ్లకు వినొస్తలేదా ఏంది" అని పెద్దనాయన ఎద్దును అడిగేవాడు. సాయంత్రానికి నాయన దుకాణం నుంచి నూనె తెచ్చి గిరకకు పోసేవాడు. ఆ ముసలి ఎద్దును అమ్మేయమని అందరూ చెప్పి చూశారు. అమ్మితే తమ్ముడి మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన దాన్ని కొత్తల్లుణ్ని మేపినట్టు మేపాడు.

వీళ్లిద్దరి పంతాలూ ఒక ఎత్తు, మా అవ్వ పంతం ఒక ఎత్తు. అవ్వ అంటే వీళ్లిద్దరిని కన్న తల్లి. పుట్టిల్లు న్యాల్‌కల్ దాటి కన్నడం మాట్లాడే ఊళ్ల దిక్కు. కొడుకులు మాట మానేసిన వారానికి వాకిలి నట్టనడుమ మూడు రాళ్లు పెట్టుకొని, తన పిండి తాను విసురుకొని, తన రొట్టె తాను కాల్చుకోవడం మొదలుపెట్టింది. మీరిద్దరు మాట్లాడుకునేదాక ఎవరింట్లో నీళ్లు కూడా ముట్టనని చెప్పేసింది. కోడళ్లిద్దరూ బతిమాలారు. చూసినోళ్లు ఏమనుకుంటరని మా అమ్మ ఏడ్చింది కూడా. "అనుకోనియ్యి. అందుకే నడుమ పెట్టిన పొయ్యి" అన్నది అవ్వ. రెండిళ్లలో రెండు పొయ్యిలు మండుతుండగా ఆ ముసలి ప్రాణం ఎండకూ గాలికీ బయట కూర్చొని ఊదుకుంటుంటే నాకు మా పెద్దవాళ్ల మీద చెప్పలేనంత కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది.

మా ముందరి గదిలో మా స్కూలు ఇంగ్లీషు సారు కిరాయికి ఉండేవాడు. గుంటూరు దిక్కు మనిషి, ఒంటరివాడు, ప్రతి మాటకూ "అండీ" తగిలించేవాడు. ఆయనకు ఇంకో అలవాటు, సారీ చెప్పడం. చెంబు తగిలితే సారీ, దగ్గితే సారీ, ఎవరో దగ్గినా ఈయనే సారీ. ఒకరోజు వాకిట్లో నడుస్తూ పడుకున్న కుక్క తోక తొక్కాడు. అది కుయ్యోమని లేచింది. ఈయన వంగి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, దానికి సారీ చెప్పాడు.

పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ అది చూసి, కుక్కతో ఏమన్నావని అడిగింది. సారీ అన్నానండీ, అంటే తప్పయిపోయిందని అర్థమండీ అన్నాడు సారు. అవ్వ రొట్టె తిప్పడం ఆపేసింది.

"కుక్కకు చెప్పినవు గదా. నీ ఇజ్జత్ పోలే?"

"ఇజ్జత్ ఎందుకు పోతుందండీ. మాటే కదా" అన్నాడు ఆయన.

తప్పైందని అర్థం వచ్చి, తల వంచే పని లేని మాట ఒకటి లోకంలో ఉందన్న సంగతి అవ్వకు బంగారు గని దొరికినట్టే అయింది. ఆ రోజంతా సారును పట్టుకొని అది ఎక్కడెక్కడ వాడతారో ఆరా తీసింది. చేయి తగిలినా సారీ, ఆలస్యమైనా సారీ, ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి పోయి కూడా సారీయే చెప్తారని ఆయన వివరించాడు.

"సచ్చినోళ్ల ఇంటికి పోయి తప్పైందంటరా? సంపింది ఈళ్లేనా ఏంది?" అని అడిగింది అవ్వ.

సారు దానికి చాలాసేపు ఆలోచించి, సారీ అన్నాడు.

ఆ వానాకాలమే అవ్వ చెయ్యి కాలింది. తడి కట్టెలు, కళ్లు తెరవనివ్వని పొగ, పైన గోనెపట్టా కప్పుకొని రొట్టె కోసం తడుముకుంటూ కుడి అరచేతిని పెనానికి ఆనించింది. రెండిళ్ల నుంచీ ఇద్దరు కొడుకులూ ఒకేసారి ఉరికొచ్చారు. రిక్షాలో ఎక్కించి, చెరో పక్క నడుస్తూ దవాఖానకు తీసుకుపోయారు, కట్టు కట్టించి తీసుకొచ్చారు. పోయినంతసేపూ వచ్చినంతసేపూ రిక్షావాడితో ఇద్దరూ మాట్లాడారు, ఒకరితో ఒకరు మాట్లాడలేదు. కనీసం ఇప్పుడైనా పంతం విడుస్తుందనుకుంటే, అవ్వ నన్ను పిలిచి పొయ్యి ముందు కూర్చోబెట్టింది. పొయ్యి నాది, పిండి నాది, చేతులొక్కటే నీవి అని తనకు తాను సర్దిచెప్పుకుంది. నేను చేసిన రొట్టెలు అంచులు చిరిగి, నడిమిట్ల దళసరిగా వచ్చేవి. వాటిని ఎడమచేత్తో తినడానికి అవ్వ పడుతున్న అవస్థ నాయన గడపలో నిలబడి చూశాడు. చూసి, అన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కొని సారు గదికి నడిచాడు.

"సారూ, ఆ కుక్కకు చెప్పిన మాట నాకు జర నేర్పు" అన్నాడు.

తనంతట తానుగా ఇంగ్లీషు నేర్పమని వచ్చిన మనిషిని సారు జీవితంలో చూసి ఉండడు. స్టూలు జరిపాడు, సుద్దముక్క తీశాడు. కానీ మా నాయన వ్యాపారస్తుడు. సారీ అనే మాటను రెండుసార్లు నోట్లో వేసుకొని చూసి, మరీ చిన్నగా ఉందన్నాడు. కుక్కకూ అన్నకూ ఒకటే మాట ఎట్లా, దీనికన్నా పెద్దది చూపెట్టమన్నాడు. సారు "ఐ బెగ్ యువర్ పార్డన్" తీశాడు. పొడుగు బాగానే ఉంది, నాయనకు నచ్చింది. ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పమన్నాడు. బెగ్ అంటే అడుక్కోవడమని తెలిసేసరికి మొహం మాడిపోయింది. ఫకీర్లకు మాఫ్ కరో చెప్పే తాను ఇప్పుడు అన్న ఎదుట ఫకీరులా నిలబడాలా అని గుంజుకున్నాడు. నిజానికి తెల్లవాళ్లు దీన్ని ఎదుటివాడి మాట వినపడనప్పుడే ఎక్కువగా అంటారని సారు చెప్పడంతో, చెవులు వినరాకపోతే కూడా అడుక్కుంటరా అని తెల్లవాళ్ల మీద జాలిపడ్డాడు.

తరువాత "ఐయామ్ అఫ్రెయిడ్" వచ్చింది. చెడు సంగతి చెప్పేముందు మర్యాదగా వాడతారన్నాడు సారు. అర్థం మాత్రం, నేను భయపడుతున్నాను అని. నాయన లేచి నిలబడ్డాడు.

"ఆయనకు భయపడ్తనని నా నోటితోని నేనే చెప్పాల్నా? పుట్టినప్పటి సంది ఆయన నాతోని అనిపియ్యాలని సూసింది గదే గద సారూ."

ఎక్స్‌క్యూజ్ మీ కూడా పనికిరాలేదు. అది పక్కకు జరగమని అడిగే మాట, అన్న ఎలాగూ నాలుగేళ్లుగా పక్కకే ఉన్నాడు. చివరికి సారీతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. రెండు రోజులు దుకాణంలో గల్లా ముందు కూర్చొని పెదాలు కదుపుతూ సాధన చేశాడు. ఏదో మంత్రం జపిస్తున్నాడని బజారులో అనుకున్నారు.

ఆదివారం పొద్దున పెద్దనాయన ఎద్దును కడుగుతున్నాడు. నాయన ఉతికిన ధోవతి కట్టుకొని, వాకిలి మధ్య దాకా నడిచి, అవ్వ పొయ్యి పక్కన ఆగాడు. నేను పిండి చేతులతో చూస్తున్నాను. అవ్వ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నాయన అన్న వైపు చూడకుండా, బావి గిరక వైపు చూస్తూ, "సారీ" అన్నాడు. అంటే, అందామనే అనుకున్నాడు. కానీ భయానికి సాగాల్సిన చోట సాగక, మొదలూ చివరా కురచైపోయి బయటికొచ్చింది.

పెద్దనాయన చెంబు కిందపెట్టాడు. ఎద్దు వైపు తిరిగాడు.

"ఇన్నవా? సరే అంటున్నడు. ఏంది సరే? నేనేమన్న అడిగిన్నా ఆయన్ను? నాలుగేండ్ల సంది నేను చెయ్యి సాపుకొని కూసున్నట్టు, ఇయ్యాల్ల పెద్దమనసు జేసుకొని సరే అన్నడు."

అది సరే కాదు, సారీ అని చెప్తే సరిపోయేది. కానీ సారీ అంటే ఏంది అని ఆయన అడిగేవాడు. దానికి నాయన "తప్పైంది" అని చెప్పాల్సి వచ్చేది. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికే కదా ఇంత దూరం ఇంగ్లీషులోకి పోయింది. నాయన వెనక్కి వచ్చేశాడు. ఆ సాయంత్రమే పెద్దనాయన కొత్త గుంజ పాతి, ఎద్దును తెచ్చి సరిగ్గా మా గడప ముందు కట్టేశాడు. తెల్లారి అమ్మ ముగ్గు వేద్దామని తలుపు తీస్తే ఎదురుగా ఎద్దు తోక, ముగ్గు వేయాల్సిన జాగాలో పేడ. పూర్తిగా "ఐయామ్ సారీ" అని ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదండీ అన్నాడు సారు. అమ్మ ఆయన వంక చూసిన చూపుకు మళ్లీ సారీ అని లోపలికి పోయాడు.

ఇక ఈ జన్మకు ఇంతే అనుకున్నాం. అయితే తరువాతి వారం నాయన సరుకు విడిపించుకోవడానికి స్టేషన్‌కు పోయాడు. అక్కడ టికెట్ కిటికీకి సున్నం వేస్తున్నారు. కిటికీ మూసి బోర్డు పెట్టారు. తెలుగులో "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఉంది, కింద ఇంగ్లీషు. నాయన బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూశాడట. చింతిస్తున్నామని రాసినవాళ్లు ఒక్కరూ అక్కడ లేరు. సున్నం వేసేవాడొక్కడే ఉన్నాడు, వాడేమో పాడుకుంటున్నాడు. నాయన ఇంటికొచ్చి సారును అడిగితే ఆయన ఇంగ్లీషు ముక్క అప్పజెప్పాడు. ఇన్‌కన్వీనియెన్స్ కాస్డ్ ఈజ్ రిగ్రెటెడ్. అంతేకాదు, తెలుగులో కనీసం "మేము" అన్న సూచన ఉంది, ఇంగ్లీషులో అది కూడా లేదండీ అన్నాడు.

"అంటె, ఎవరు బాధపడ్తున్నరో చెప్పకుండనే బాధపడొచ్చా?"

"పడొచ్చండీ. దీన్ని పాసివ్ వాయిస్ అంటారు."

నాయన మొహం వెలిగిపోయింది. ఇంత మంచి సరుకు లోపల పెట్టుకొని ముందే ఎందుకు తీయలేదని సారును కోప్పడ్డాడు. ఆయన సంబరం నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ ఏడు మాకు క్లాసులో అదే పాఠం. పాము రాముడి చేత చంపబడింది, కావాలంటే రాముణ్ని తీసేయొచ్చు, పాము చంపబడింది అంటే చాలు. అది నేర్చుకున్న రోజే నేను ఇంట్లో "చక్కెర తినబడింది" అని చెప్పి దెబ్బలు తిన్నాను. పాసివ్ వాయిస్ మా అమ్మ దగ్గర పనిచేయదు.

నాయన ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క ముక్కా నోటికి పట్టేదాకా ఆగి, ఒక సాయంత్రం వాన వెలిశాక మళ్లీ వాకిట్లోకి దిగాడు. పెద్దనాయన మా గడప ముందే ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు. నాయన ఈసారి గిరక వైపు కాకుండా ఎద్దు వైపు చూస్తూ, స్టేషన్ మాస్టరులా నిటారుగా నిలబడి, ఆ వాక్యం మొత్తం తప్పు లేకుండా చెప్పాడు.

పెద్దనాయనకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. కానీ పోయినసారి తొందరపడ్డానేమో అన్న అనుమానం ఆయనకూ ఉండి ఉంటుంది. గడ్డి మోపు దించి, గదిలో ఉన్న సారును పిలిచి, ఇదేందో తెలుగుల చెప్పమన్నాడు. సారు బయటికొచ్చి, పాఠం చెప్పినట్టే, "కలిగిన అసౌకర్యము చింతించబడుచున్నది" అన్నాడు.

"ఎవరితోని చింతించబడుతున్నది?"

"అది చెప్పనక్కర్లేదండీ. ఈ వాక్యంలో కర్త లోపించాడు."

"లోపించిండా?" పెద్దనాయన వాకిలంతా ఒకసారి చూశాడు. "నాలుగేండ్ల సంది బాధ ఉన్నది. బాధపడేటోడు లేడా?"

సారు దగ్గర వ్యాకరణం అంతవరకే ఉన్నట్టుంది. పెద్దనాయన ఎద్దును దాటి, అవ్వ పొయ్యిని దాటి, నాయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎవరురా చింతించేది?"

అలవాటు కొద్దీ నేను నాయన వైపు తిరిగి, ఎవరు చింతించేది అని అడుగుతున్నడు అని చెప్పబోయాను. అవ్వ ఎడమచేత్తో నా కొంగు గుంజింది. నాయన పెదాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. ఇంగ్లీషేదో వెతుక్కుంటున్నాడని నాకు తెలిసిపోయింది. అక్కడ ఏమీ దొరకనట్టుంది.

"నేనే అన్న" అన్నాడు.

నేనే, అన్నా అని పిలిచాడో, హోటల్లో ఆ మాట నేనే అన్నానని ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా మాటలో రెండూ ఒకటే. పెద్దనాయనకు రెండూ వినిపించాయని ఆయన మొహం చూస్తే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

పెద్దనాయన చాలా మెల్లగా మాట్లాడాడు.

"ఆ ఎద్దు నోరు నేను నిజంగనే సూడలే. మబ్బు పట్టింది, వాన మొదలైంది, అమ్మేటోడేమో తొందర జేసిండు. నువ్వన్నది అబద్దమైతె నేను గూడ నవ్వుతుంటి."

ఆయన పోయి మా గడప ముందరి గుంజ నుంచి ఎద్దును విప్పి తన కొట్టంలో కట్టాడు. నాయన చీపురు తీసుకొని పేడ ఎత్తాడు, జన్మలో మొదటిసారి. సారు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు మా అమ్మ చాయ్ ఇచ్చింది.

ఆ పూట నేను రొట్టెలు చేయలేదు. అటునుంచి పెద్దమ్మ, ఇటునుంచి అమ్మ, రెండు పళ్లేలలో రొట్టెలు తెచ్చి అవ్వ ముందు పెట్టారు. అవ్వ చేతికి ఇంకా కట్టు ఉంది. పెద్దనాయన ఆమె పక్కన గొంతుకూర్చొని, రెండిళ్ల రొట్టెలూ కలిపి తుంపి పాలలో నానేశాడు. నాయన ఇటుపక్క కూర్చొని గిన్నె పట్టుకున్నాడు. పెద్దనాయన ముద్ద నోటి దగ్గరికి తెస్తే అవ్వ మొదట మొహం తిప్పుకుంది. కళ్లనీళ్లు మాకు కనబడొద్దని కాబోలు. ఆ తరువాత నోరు తెరిచింది. బోసినోటితో చాలాసేపు నమిలి మింగి, రొట్టె మందంగా అయిందని వంక పెట్టింది. ఏ ఇంటి రొట్టె అని మాత్రం అడగలేదు.